తూర్పున ముగ్గురాయి, పడమట ఫ్లోరైడు

ముగ్గురాయి ముక్కను మొదటిసారి చేతిలోకి తీసుకున్నవాళ్ళు ఒకసారి తలెత్తి ఇచ్చినవాడి ముఖం చూస్తారు. చూపుకు మామూలు తెల్లరాయే. బూడిదరంగులోనూ ఉంటుంది, లేత గులాబీ చాయలోనూ ఉంటుంది. కానీ అంతే సైజున్న పలుగురాయి కంటే ఒకటిన్నర రెట్లకు పైగా తూగుతుంది. మామూలు బండరాయి నీటికంటే 2.6, 2.7 రెట్లు బరువుంటే ఇది దాదాపు 4.5 రెట్లు. లోహపు మెరుపు లేదు, గీస్తే చాకుకు లొంగిపోతుంది. దానికున్న గొప్పంతా ఆ బరువే. శాస్త్రవేత్తలు బెరైట్ అంటారు, వ్యాపారులు బెరైటీస్ అంటారు. రసాయనంగా బేరియం సల్ఫేటు.

దీనికి ఒక జతరాయి ఉంది, ఫ్లోరైట్. అంటే కాల్షియం ఫ్లోరైడు. ఊదా, ఆకుపచ్చ, తేనెరంగు, ఒక్కోచోట గాజులా రంగే లేకుండా, ఇలా ఇన్ని వన్నెల్లో దొరికే ఖనిజం అరుదు. ప్రపంచంలో చాలా కొండ ప్రాంతాల్లో, పాత సముద్రాల అడుగున పేరుకున్న సున్నపురాళ్ళ పగుళ్ళలో, ఈ రెండూ పక్కపక్కనే కనిపిస్తాయి. సీసపు ఖనిజం గెలీనా కూడా తోడుంటుంది. ఇంగ్లండులో డెర్బీషైర్ కొండల్లో తరతరాలు సీసం కోసం తవ్వి ఈ రెండు రాళ్ళనూ పనికిరానివని గని బయట పోశారు. ఉక్కు కొలుములకు ఒకటి, చమురు బావులకు ఇంకొకటి కావలసి వచ్చాక ఆ కుప్పల్నే మళ్ళీ తవ్వుకున్నారు.

మన దగ్గర ఈ జంట విడిపోయింది. 2016 అక్టోబరు 11న కొత్త జిల్లాలు ఏర్పడినప్పుడు పుట్టిన జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి జిల్లాల పటాన్ని ముందు పెట్టుకుని చూడండి. ముగ్గురాయి సిరలు మహబూబాబాద్ తూర్పు అంచున, బయ్యారం, గార్ల వైపు గుట్టల్లో ఉన్నాయి. ఫ్లోరైట్ మాత్రం ఈ మూడు జిల్లాల్లో గనిగా ఎక్కడా లేదు. అందులోని ఫ్లోరిన్ జనగామ మెట్టలో, బోరునీళ్ళలో ఉంది. తూర్పు రాయి లారీ ఎక్కి పోతుంది. పడమటి రాయి గ్లాసులోకి దిగుతుంది. మొదటి దాని మీద వేలాలు, లీజులు, కోర్టు తీర్పులు ఉన్నాయి. రెండోదాన్ని ఎవరూ వేలం వెయ్యరు కనుక దాని గురించి ఖనిజంగా ఎవరూ మాట్లాడరు.

కింగ్ దొర చూసిన రెండు లోయలు

ఈ నేల కథ మొదలుపెట్టాలంటే విలియం కింగ్ పేరు చెప్పాలి. భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థ, అదే జీఎస్‌ఐ, 1851లో మొదలైంది. అందులో పనిచేసిన కింగ్ 1871లో ఇల్లెందు ప్రాంతంలో బొగ్గును గుర్తించాడు. సింగరేణి అన్న పేరు దేశానికి తెలిసింది ఆ తరవాతే. కడప, కర్నూలు శిలల మీద ఆయన రాసిన గ్రంథం 1872లో వచ్చింది. ప్రాణహిత, గోదావరి లోయ మీద రాసింది 1881లో వచ్చింది. ప్రపంచంలోనే పెద్ద ముగ్గురాయి నిక్షేపం తరవాతి కాలంలో బయటపడింది మొదటి పుస్తకపు నేలలో. మన మహబూబాబాద్ గుట్టలు ఉన్నది రెండో పుస్తకంలో. ఎద్దుబండి, గుర్రం, డేరాలతో తిరిగిన కాలంలో ఒకే మనిషి రెండు లోయలనూ చదివి పెట్టాడు. కొలతలు మారాయి, వయసులు మారాయి గానీ ఆయన గీసిన గీతల మీదే ఇప్పటికీ పని నడుస్తోంది.

ఆ గీతల ప్రకారం మన మూడు జిల్లాలు మూడు వేరువేరు నేలల మీద కూర్చున్నాయి.

జనగామ కింద ఉన్నది గ్రానైటు, నైసు రాళ్ళు. 250 కోట్ల ఏళ్ళు, అంతకు మించి కూడా వయసున్నవి. ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు కనపడే గుండ్ల గుట్టలు, మధ్యలో గొలుసు చెరువులు, వాన తక్కువ పడే ఎర్ర చెలక.

తూర్పుకు వస్తే పాకాల శిలలు. పాకాల చెరువు పేరే ఈ శిలాసమూహానికి పెట్టారు. గణపతిదేవుడి కాలంలో 1213లో కట్టిన ఆ చెరువు ఇప్పుడు పక్కనున్న వరంగల్ జిల్లాలో ఉంది గానీ, ఆ పేరు పెట్టుకున్న రాళ్ళు గూడూరు, కొత్తగూడ, బయ్యారం గుట్టల మీదుగా సాగిపోతాయి. సున్నపురాయి, డోలమైట్, పలకరాయి, గట్టి ఇసుకరాయి. వంద కోట్ల ఏళ్ళ కిందటి సముద్రం మిగిల్చిన అడుసు అది. చేపలు లేవు, నేల మీద మొక్క లేదు. నీళ్ళలో కంటికి ఆనని జీవం మాత్రం ఉంది.

ఇంకా ఉత్తరానికి, గోదావరి వైపు పోతే భూపాలపల్లి. ఇది గోండ్వానా నేల. 25 నుంచి 30 కోట్ల ఏళ్ళ కిందటి అడవులు బురదలో కూరుకుపోయి బొగ్గయిన చోటు. సింగరేణి ఇక్కడి గనులకు కాకతీయ ఖని అని పేరు పెట్టుకుంది, కేటీకే అంటారు. చెల్పూరు దగ్గర 500, 600 మెగావాట్ల రెండు యూనిట్ల కాకతీయ థర్మల్ విద్యుత్ కేంద్రం ఆ బొగ్గు మీదే నడుస్తోంది. అదే గోదావరి లోయలో, నది అవతల మంచిర్యాల జిల్లా యామన్‌పల్లి దగ్గర దొరికిన రాక్షసబల్లి ఎముకలకు ఆ ఊరిపేరే కలిపి కోటాసారస్ యామన్‌పల్లియెన్సిస్ అని 1988లో నామకరణం చేశారు. ఆ అస్థిపంజరం హైదరాబాదు బిర్లా సైన్స్ సెంటర్‌లో నిలబడి ఉంది. పిల్లల్ని తీసుకెళ్ళే తల్లిదండ్రులు ఇది మన గోదావరి ఒడ్డుదే అని చెప్పడం మరిచిపోకూడదు.

భూపాలపల్లిలో బొగ్గు తరవాత నా దృష్టిలో పెద్ద సంపద పాండవుల గుట్ట. రేగొండ మండలంలో, ఇసుకరాయి పొరలు గోడల్లా నిలువునా లేచిన చోట, ఆదిమానవుడు ఎర్రరంగుతో వేసిన బొమ్మలున్నాయి. 1990లో అవి లోకానికి తెలిశాయి. ఇప్పుడు జీఎస్‌ఐ దాన్ని భౌమ వారసత్వ స్థలంగా గుర్తించింది. ఆ జాబితాలో కడప వైపు ఒక గని కూడా ఉంది. మన కథకు అసలు చిరునామా అదే.

మంగంపేట

పాత కడప జిల్లా ఓబులవారిపల్లె మండలం మంగంపేట. ఒకేచోట ఉన్న బెరైటీస్ నిక్షేపాల్లో ప్రపంచంలో దీనికి మించింది లేదు. జీఎస్‌ఐ అంచనా కట్టిన నిల్వ 7.4 కోట్ల టన్నులు. 1961లో ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ ఖనిజాభివృద్ధి సంస్థకు దశాబ్దాలుగా ప్రధాన ఆదాయం ఈ గుంతే.

ముగ్గురాయి సాధారణంగా సిరలుగా దొరుకుతుంది. రాతి పగులులో అడుగు మందమో, రెండడుగుల మందమో. పులివెందుల, వేంపల్లె వైపు మొదట తవ్వినవి అటువంటి సిరలే. మంగంపేటలో అలా కాదు, పొరలు పొరలుగా పరుచుకుని ఉంది. ఎందుకో అర్థం కావాలంటే కొంచెం రసాయనం తప్పదు. బేరియం, సల్ఫేటు ఒకే నీటిలో ఇమడవు. భూమి లోపలి నుంచి వచ్చే వేడినీరు సల్ఫేటు లేనంతసేపు బేరియాన్ని మోసుకొస్తుంది. అది సల్ఫేటు ఉన్న సముద్రపు నీటిని తాకిన క్షణమే, పాలలో నిమ్మరసం పిండినట్టు, విరిగి తెల్లగా అడుగుకు దిగుతుంది. మంగంపేటలో ఆ పని సముద్రం అడుగునే జరిగింది. చుట్టూ అగ్నిపర్వతపు బూడిద గట్టిపడిన రాళ్ళున్నాయి కనుక, ఆ వేడి, ఆ బేరియం అగ్నిపర్వత క్రియ వల్ల వచ్చాయని ఎక్కువమంది శాస్త్రవేత్తల మాట. జీఎస్‌ఐ దాన్ని జాతీయ భౌమ స్మారకాల్లో చేర్చింది అందుకే. స్మారకం అన్న బోర్డు పక్కనే పేలుళ్ళు, ఎక్స్‌కవేటర్లు. కాపాడుతూనే తవ్వే స్మారకం దేశంలో ఇంకెన్ని ఉన్నాయో.

తవ్విన రాయి ఎక్కడికి పోతుంది? ముగ్గుల్లోకి పోయేది పిసరంత. రంగులు, రబ్బరు, గాజు పరిశ్రమలకు కొంత. మిగిలిన సింహభాగం పల్వరైజింగ్ మిల్లుల్లో పిండి అయ్యి, సంచుల్లోకెక్కి, ఓడల మీద చమురు దేశాలకు పోతుంది. చమురు బావి తవ్వేటప్పుడు గొట్టంలోకి ఒక చిక్కటి బురద పంపుతారు. డ్రిల్లింగ్ మడ్డు అంటారు. అడుగున ఉన్న చమురు, గ్యాసు ఒక్కసారిగా పైకి తన్నకుండా ఆ బురద బరువే తొక్కిపెట్టాలి. బరువు కోసం ఇనుప పొడి వెయ్యొచ్చు గానీ అది యంత్రాన్ని అరగదీస్తుంది. ముగ్గురాయి బరువైనది, మెత్తనిది, నీటిలో కరగనిది, దేనితోనూ చర్య జరపనిది. నాలుగు గుణాలూ అంత చవగ్గా ఇంకో రాతిలో కలిసిరాలేదు. అందుకే చమురు ధర పెరిగి, రిగ్గులు ఎక్కువైతే కోడూరు, ఓబులవారిపల్లె మిల్లుల్లో పని పెరుగుతుంది. రిగ్గులు ఆగితే ఇక్కడా మందగిస్తుంది.

బావి అదుపు తప్పితే ఎలా ఉంటుందో తెలుగువాళ్ళకు ఎవరూ చెప్పనక్కర్లేదు. 1995 జనవరి 8న కోనసీమ పాశర్లపూడిలో ఎగసిన మంట 65 రోజులు ఆరలేదు.

ఇదే బేరియం సల్ఫేటును ఆస్పత్రిలో ఎక్స్‌రేకు ముందు తాగిస్తారు, బేరియం మీల్ అని. బేరియం లవణాల్లో నీటిలో కరిగేవి విషం. ఇది లీటరు నీటిలో రెండు, మూడు మిల్లీగ్రాములకు మించి కరగదు కనుక పేగుల్లోంచి వచ్చినట్టే వెళ్ళిపోతుంది. ఈ కరగకపోవడం అన్న గుణాన్ని గుర్తుంచుకోండి. జనగామకు వెళ్ళినప్పుడు పనికొస్తుంది.

బయ్యారం గుట్టల్లో

మంగంపేటను చూసి మహబూబాబాద్ గురించి కలలు కనేవాళ్ళున్నారు. ఆ పోలిక తప్పు. ఇక్కడి ముగ్గురాయి పొర కాదు, సిర. పాత నైసు రాళ్ళ పగుళ్ళలోనూ, పాకాల డోలమైట్లలోనూ చొరబడిన పట్టీలు. కొన్నాళ్ళు తవ్వితే సన్నబడతాయి, ఒక్కోచోట అర్ధంతరంగా ఆగిపోతాయి. చిన్న గనులకు, చేతిపని తవ్వకాలకు సరిపోయే నిక్షేపాలు ఇవి. ఉమ్మడి ఖమ్మం జిల్లా ఖనిజాల పట్టికలో బెరైటీస్ ఎప్పటినుంచో ఉంది. గార్ల, బయ్యారం మండలాలు 2016 దాకా ఆ జిల్లావే. ఆ ఖమ్మం జిల్లా కూడా 1953లో వరంగల్ నుంచి విడిపోయిందే. రాయి కదల్లేదు, చిరునామా రెండుసార్లు మారింది.

బయ్యారం పేరు చెబితే అందరికీ తట్టేది ఇనుపరాయి. 2014 రాష్ట్ర పునర్విభజన చట్టం పదమూడో షెడ్యూలులో ఖమ్మం జిల్లాలో ఉక్కు కర్మాగారం సాధ్యమో కాదో సెయిల్ పరిశీలించాలని రాశారు. బయ్యారం ఉక్కు అన్న మాట అప్పటినుంచి ప్రతి ఎన్నికల్లో వినపడింది. ఖనిజంలో ఇనుము శాతం తక్కువ అన్న జవాబూ అన్నిసార్లు వినపడింది. కర్మాగారం రాలేదు. చరిత్రకారులకు మాత్రం ఈ ఊరు ఇవ్వవలసింది ఎప్పుడో ఇచ్చేసింది. గణపతిదేవుడి సోదరి మైలమ తవ్వించిన చెరువు గట్టు మీది శాసనం లేకపోతే కాకతీయుల వంశక్రమం ఇవాళ మనకు తెలిసినంత స్పష్టంగా తెలిసేది కాదు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. ఈ గుట్టల్లో ఎక్కువ ఊళ్ళు ఏజెన్సీ గ్రామాలు. కోయలు, లంబాడీలు ఉండే నేల. ఇక్కడ రాయి తవ్వాలంటే ఎవరిని అడగాలి అన్నదానికి రెండు రక్షణలుండేవి.

మొదటిది సమతా తీర్పు. విశాఖ ఏజెన్సీ అనంతగిరి మండలంలో, బొర్రా గుహల చుట్టుపక్కల లీజుల మీద సమతా అనే సంస్థ వేసిన కేసులో 1997 జులై 11న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. షెడ్యూల్డు ప్రాంతంలో ప్రభుత్వ భూమి అయినా సరే, గిరిజనేతరులకు, ప్రైవేటు కంపెనీలకు లీజుకిస్తే చెల్లదు. ప్రభుత్వ ఖనిజాభివృద్ధి సంస్థో, గిరిజనుల సహకార సంఘమో తవ్వుకోవచ్చు. లాభంలో కనీసం 20 శాతం ఆ ప్రాంతం కోసం పక్కన పెట్టాలి. ఆ తీర్పు ఇంకా బతికే ఉంది. బినామీలూ బతికే ఉన్నారనుకోండి, అది వేరే కథనం.

రెండోది 1996 నాటి పెసా చట్టం. షెడ్యూల్డు ప్రాంతాల్లో చిన్నతరహా ఖనిజాలకు లీజు ఇవ్వాలన్నా, వేలం వెయ్యాలన్నా ముందుగా గ్రామసభ లేదా తగిన స్థాయి పంచాయతీ సిఫారసు తప్పనిసరి అని అది చెబుతుంది. చిన్నతరహా ఖనిజాలు అన్న మాట దగ్గర ఒక్క క్షణం ఆగండి. కేంద్రం 2015 ఫిబ్రవరి 10న 31 ఖనిజాలను ప్రధాన ఖనిజాల జాబితా నుంచి చిన్నతరహా జాబితాలోకి మార్చింది. బెరైటీస్, డోలమైట్, అభ్రకం, పలుగురాయి అందులో ఉన్నాయి. దాంతో ముగ్గురాయి మీద గ్రామసభకు చట్టప్రకారం ఒక మాట దక్కింది. పదేళ్ళు తిరిగాయి. 2025 ఫిబ్రవరి 20న బెరైటీస్, ఫెల్డ్‌స్పార్, అభ్రకం, పలుగురాయి నాలుగింటినీ కేంద్రం మళ్ళీ ప్రధాన ఖనిజాలుగా మార్చింది. ఆ ఫిబ్రవరికి కొద్ది రోజుల ముందే, జనవరి 29న, కీలక ఖనిజాల జాతీయ మిషన్‌కు కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది. ఈ నాలుగు రాళ్ళ వెంట లిథియం, టాంటలం, యాంటిమొనీ వంటివి దొరికే అవకాశం ఉంది, అవి లెక్కలోకి రావాలంటే కేంద్రం పర్యవేక్షణ కావాలి అన్నది కారణం.

కారణం తప్పు అనను. అమెరికా 2018లో ప్రకటించిన కీలక ఖనిజాల జాబితాలో ముగ్గురాయి, ఫ్లోర్‌స్పార్ రెండూ ఉన్నాయి. ఐరోపా జాబితా కూడా రెంటినీ లెక్కలోకి తీసుకుంది. 2023లో మన కేంద్రం ప్రకటించిన 30 కీలక ఖనిజాల్లో ఈ రెండూ లేవు గానీ, వాటి వెంట వచ్చే లోహాల మీద కన్ను పడటం సహజం. నా అభ్యంతరం ఇంకోచోట. ఢిల్లీలో ఒక జాబితా నుంచి ఇంకో జాబితాలోకి రాయి మారినప్పుడు, బయ్యారం గుట్టల కింది గ్రామసభ చేతిలోంచి ఒక హక్కు జారిపోయింది. పెసాలో ఉన్న మాట చిన్నతరహా ఖనిజాలకే వర్తిస్తుంది కదా. అదే గుట్ట, అదే సిర, అదే ఊరు. మారింది ఒక గెజిటు కాగితం. దీని మీద మన రెండు రాష్ట్రాల చట్టసభల్లో గట్టి చర్చ జరగవలసింది.

చేతులు పూర్తిగా ఖాళీ కాలేదు. అటవీ భూమి అయితే 2006 అటవీ హక్కుల చట్టం ఉంది. ఒడిశా నియమగిరి కేసులో 2013లో సుప్రీంకోర్టు గ్రామసభల మాటకే విలువిచ్చింది. సమతా తీర్పు ఎలాగూ ఉంది. పాత లీజుల మీద రాయల్టీలో 30 శాతం, 2015 తరవాత వేలంలో వచ్చిన వాటి మీద 10 శాతం జిల్లా ఖనిజ నిధికి చేరాలి. ఆ డబ్బుతో ముందుగా చెయ్యవలసిన పనుల్లో తాగునీరు ఒకటని కేంద్రం మార్గదర్శకాలే చెబుతున్నాయి.

తాగునీరు అనగానే పడమటికి తిరగక తప్పదు.

జనగామ బోరులో

పాల్కురికి సోమన, పోతన పేర్లతో చెప్పుకునే ఈ మెట్టనేల నిజాం కాలంలో నల్గొండ జిల్లాలో ఒక తాలూకా. జిల్లా మారినా కింది రాయి నల్గొండదే. ఈ గ్రానైట్లలో పలుగు, ఫెల్డ్‌స్పార్, నల్ల అభ్రకంతో పాటు ఫ్లోరైట్ కణాలు, ఫ్లోరిన్ ఉన్న అపటైట్ కణాలు చెదురుమదురుగా ఉంటాయి. గని తవ్వేంత ఎక్కడా లేవు. ఫ్లోర్‌స్పార్ కోసం దేశం గుజరాత్‌లోని అంబాడుంగర్ వైపు చూస్తుంది గానీ జనగామ వైపు చూడదు. కానీ నీటికి గని అక్కర్లేదు, కణం చాలు.

ముగ్గురాయి లీటరు నీటిలో రెండు, మూడు మిల్లీగ్రాములే కరుగుతుందన్నాను కదా. ఫ్లోరైట్ సుమారు 15 మిల్లీగ్రాములు కరుగుతుంది. అందులో సగం దాకా ఫ్లోరైడే. తాగునీటిలో ఫ్లోరైడు లీటరుకు ఒక మిల్లీగ్రాము మించకపోతే మేలు, మరో దారి లేనప్పుడు 1.5 దాకా పర్వాలేదు అని మన ప్రమాణాల సంస్థ గీసిన గీత. రాయికి ఏమాత్రం లెక్కలేని ఆ కొద్దిపాటి కరుగుదల మనిషి ఎముకకు చాలా ఎక్కువ.

ఇంకో మెలిక ఉంది. నీటిలో కాల్షియం ఎక్కువ ఉంటే ఫ్లోరైడు కరగకుండా రాయిలోనే ఉండిపోతుంది. సోడియం, బైకార్బొనేటు పెరిగి, కాల్షియం తగ్గి, నీరు క్షారంగా మారితే రాయి పట్టు వదులుతుంది. మెట్టప్రాంతాల్లో కాల్షియం సున్నపు గడ్డలుగా మట్టిలోనే పేరుకుపోతుంది. వాన తక్కువ, ఎండ ఎక్కువ. నీరు రాతి పగుళ్ళలో ఏళ్ళ తరబడి నిలవ ఉంటుంది. ఊటబావుల కాలంలో ఏటా వాననీరు కలిసి పలచబడేది. బోరు వెయ్యి అడుగులు దిగేసరికి మనం తోడుకుంటున్నది ఆ ముదిరిన నీటినే. అందుకే పక్కపక్క పొలాల్లోని రెండు బోర్లలో ఫ్లోరైడు వేరువేరుగా ఉంటుంది. నీళ్ళు తేటగా ఉంటాయి, తియ్యగా కూడా ఉంటాయి. నాలుకతో కనిపెట్టలేం.

ఈ జబ్బు దేశంలో మొదట బయటపడింది తెలుగునేల మీదే. తరవాత ప్రకాశం జిల్లాలో చేరిన దర్శి, పొదిలి ప్రాంతం అప్పట్లో నెల్లూరు జిల్లా. అక్కడి మనుషుల్లో బిగుసుకుపోయిన వెన్ను, వంగిన కాళ్ళకు తాగునీటిలోని ఫ్లోరైడే కారణమని 1937లో వైద్య పత్రికలో రాశారు. నల్గొండ ఫ్లోరోసిస్ మీద బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వ్యాసం 1955లో వచ్చింది. 1973లో హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు ఈ ప్రాంతాల పిల్లల్లో మోకాళ్ళు లోపలికి వంగిపోవడం గురించి లాన్సెట్‌లో రాశారు. జొన్న తిని బతికే పేదల్లో అది ఎక్కువని గుర్తించారు. అదే సంస్థ 2002లో బడిపిల్లల మీద ఇంకో సంగతి చూసింది. రోజూ చింతపండు తీసుకున్న పిల్లల మూత్రంలో ఫ్లోరైడు ఎక్కువగా బయటకు పోతోంది. మన చారు గిన్నెకు దక్కిన గౌరవం అది. అయితే చెడ్డ నీళ్ళు తాగుతూ చారు పోసుకుంటే చాలనుకోవడం పొరపాటు.

శుద్ధి మార్గాల్లో విదేశాల్లో కూడా వాడిన ఒక పద్ధతికి నల్గొండ పేరుంది. నాగ్‌పూర్‌లోని నీరి సంస్థ 1970లలో రూపొందించింది. పటిక, సున్నం, బ్లీచింగ్ పొడి కలిపి, కలియబెట్టి, అడుగున పేరుకున్నది పారబోయడం. చవక, కరెంటు అక్కర్లేదు. రోజూ ఎవరో ఒకరు ఓపికగా చెయ్యాలి, అక్కడే ఆగిపోయింది. ఒక పద్ధతికి ఊరిపేరు దొరకడం గౌరవమే గానీ, ఆ పేరు ఎందుకొచ్చిందో తలుచుకుంటే అంత సంతోషం కలగదు.

2016 ఆగస్టు 7న గజ్వేల్ దగ్గర కోమటిబండలో మిషన్ భగీరథ మొదలైంది. గోదావరి, కృష్ణ నీళ్ళు గొట్టాల్లో ఇంటికి రావడమే ఈ జబ్బుకు అసలు మందు. దేవాదుల ఎత్తిపోతల నీరు చీటకోడూరు రిజర్వాయరు దాకా రావడం కూడా నా లెక్కలో వైద్యమే. చెరువు నిండితే చుట్టుపక్కల బోర్లలో ఫ్లోరైడు పలచబడటానికి వీలుంటుంది. కానీ గొట్టం ఒక పూట ఆగితే జనం మళ్ళీ బోరు దగ్గరికే పోతారు. వంటకు బోరు, పశువులకు బోరు, పొలంలో కూలీలు దాహానికి తాగేది బోరే. మరగబెడితే పోతుందనుకునేవాళ్ళు ఇంకా ఉన్నారు. మరిగితే నీరు ఆవిరవుతుంది, ఫ్లోరైడు మిగులుతుంది, చిక్కబడుతుంది.

తూర్పున కొత్త వేలాలు వస్తే వాటి గురించి వార్తలొస్తాయి, పోట్లాటలు కూడా వస్తాయి, రావాలి. ఏజెన్సీ ఊళ్ళలో గ్రామసభ పెట్టండి. ముగ్గురాయి ఏ జాబితాలో ఉన్నా తవ్వేముందు మమ్మల్ని అడగాలి అని తీర్మానం రాయించండి. పెసా చట్టంలో ఆ ఒక్క పదాన్ని సవరించి ఖనిజాలన్నిటికీ వర్తింపజేయాలని మీ ఎమ్మెల్యేను, ఎంపీని అడగండి. జిల్లా ఖనిజ నిధి లెక్క అడగండి. జనగామ వైపు పాఠకులకు ఇంకా చిన్న పని. జిర్కోనియం అలిజరిన్ ద్రావణం ఉన్న పరీక్ష కిట్టులో నాలుగు చుక్కలు, ఒక చిన్న సీసా నీళ్ళు చాలు. గులాబీరంగు పసుపుకు తిరిగినకొద్దీ ఫ్లోరైడు ఎక్కువున్నట్టు. కచ్చితమైన అంకె కావాలంటే గ్రామీణ నీటి సరఫరా విభాగం ప్రయోగశాలకు పంపించండి. ఎండాకాలంలో ఒకసారి, వానలయ్యాక ఒకసారి పరీక్ష చేయించి, వచ్చిన అంకెను ఆ బోరు గద్దె మీదే రంగుతో రాయించండి. 1.5 దాటితే ఆ నీళ్ళు తాగకండి, అన్నం కూడా వండకండి.